ఎనిమిదో మిషను కూత

సోమవారం పొద్దున పదిన్నరకి నోరు తెరిచిన మిషను మరి ముయ్యలేదు.

ఆ కూతకి హాల్లో ఉన్న ఎనిమిది మంది ఆపరేటర్లూ పని ఎక్కడిదక్కడ వదిలేసి రెండు చెవులూ మూసుకున్నారు. కిటికీ అంచున కూర్చున్న పావురాలు లేచిపోయాయి. డ్రిల్లు మాస్టారు ఏదో అరుస్తున్నాడు గాని, ఆయన పెదాలు కదలడం తప్ప మాట బయటికి రావడం లేదు. మరదలు ఈ మీటా ఆ మీటా ఒకటికి పదిసార్లు కొట్టి చూసింది. వింటేనా! చివరికి చెప్పులు విడిచి, బల్ల కిందికి దూరి, ప్లగ్గు పీకేసింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"తెరవడం నేర్పావు సరే, ముయ్యడం నేర్పలేదా మరదలా?" అంది ఎనిమిదో మిషను దగ్గర్నించి వదిన.

మోకాళ్ళు దులుపుకుంటూ లేచిన మరదలికి ఒళ్ళు మండింది. ఆ మాట అక్షరాలా నిజం కావడంతో ఇంకాస్త మండింది.

ఆ ఆఫీసులో ఆవిడే ప్రోగ్రామరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వదిన హాలు ఆ చివర్నించి "మరదలా" అని కేకేసి కేకేసి, అందరికీ ఆవిడ మరదలే అయిపోయింది, వదిన అందరికీ వదినగారైపోయింది. నిజానికి ఆ వరస ఉన్నది వాళ్ళిద్దరి మధ్యనే. మరదలి భర్తకి వదిన సొంత అక్క. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆడవాళ్ళిద్దరూ ఒకే బస్సులో వస్తారు, ఒకే బస్సులో వెళతారు.

ఊరి టెలిఫోన్ల పుస్తకం తయారయ్యేది అక్కడే. టెలిఫోను ఉన్న ప్రతి ఇంటికీ ఒక అట్ట కార్డు. కార్డు మీద నంబరు, పేరు, వీధి. ఎనిమిది కంప్యూటర్ల ముందు ఎనిమిది మంది కూర్చుని కార్డు చూసి కొడుతూ ఉంటారు. నంబరుకీ వీధికీ పొంతన కుదరకపోయినా, తెర మీది గడిలో పట్టనన్ని అక్షరాలు కొట్టినా, అది తప్పని మిషను పసిగట్టాలి. మొదట్లో తప్పు జరిగితే కీక్ మనేది, అంతే. ఎలుకపిల్ల ఇంకా గట్టిగా అరుస్తుంది. అది డ్రిల్లు మాస్టారికి నచ్చలేదు.

ఆయన ఒకప్పుడు బళ్ళో పిల్లల చేత డ్రిల్లు చేయించేవాడు. ఇప్పుడు సూపర్‌వైజరు. అయినా ఈల మెళ్ళో అలాగే ఉంది.

"ఫ్యాన్ల గోల ఒకటి, ప్రింటరు గోల ఒకటి. ఈ మధ్యలో నీ కీక్ ఎవడికి వినిపిస్తుందమ్మా? తప్పు కొడితే హాలంతా తెలియాలి. కూత పైకెక్కాలి, కిందికి దిగాలి. ఫైరింజనులాగ."

"అలా కూయించాలంటే అసెంబ్లీ భాషలో రాయాలండీ. వారం పడుతుంది."

"రేపటికి కావాలి."

కంప్యూటరు పెట్టెలో స్పీకరని అరచేతిలో ఇమిడేంత కాగితపు డొప్ప ఒకటి ఉంటుంది. దానికి తెలిసినవి రెండే పనులు, ముందుకి ఉబ్బడం, వెనక్కి పోవడం. సెకనుకి వెయ్యిసార్లు ఉబ్బించి లాగితే ఒక కూత, రెండు వేలసార్లయితే ఇంకా సన్న కూత. గొంతు పెంచుతూ తగ్గిస్తూ కూయించాలంటే ఆ ఉబ్బడం, లాగడం ఒక్కొక్కటే చెప్పి చేయించాలి. అసెంబ్లీ అంటే అదే. అందులో తలుపు తియ్యి అంటే మిషనుకి తెలియదు. లేవమనాలి, నాలుగడుగులు వెయ్యమనాలి, గడియ పట్టుకోమనాలి, ఎడమకి లాగమనాలి. ఒక్క ముక్క మరిచామా, దాని దారి దానిదే. ఆ పొద్దున మరదలు మరిచింది ఆఖరి ముక్క. ఇక చాలు, ఆపు, అనే ముక్క.

మధ్యాహ్నానికి కూత ఆగడం నేర్చుకుంది. అయితే గొంతు మాత్రం గరగరమంది.

"జలుబు చేసినట్టుందేమిటమ్మా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "ఈల అంటే ఇలా ఉండాలి." మెళ్ళోది తీసి ఊది మరీ చూపించాడు. పావురాలు మళ్ళీ లేచిపోయాయి.

మరదలు పళ్ళు కొరుక్కుంటూ మిషనుతో పాటు వచ్చిన పుస్తకం ముందేసుకుంది. గరగర ఎందుకో ఆవిడకి తెలుసు. మిషను సెకనుకి పద్దెనిమిదిసార్లు, చేస్తున్న పని పక్కన పెట్టి తన గడియారం చూసుకుంటుంది. ఎవరైనా మీట నొక్కితే అటు కూడా తిరిగి చూస్తుంది. అలా తిరిగిన ప్రతిసారీ డొప్ప ఊపడం రవ్వంత ఆలస్యమవుతుంది. గరగర అక్కడ పుడుతోంది. దానికి మందు పుస్తకంలో మూడే అక్షరాల్లో ఉంది. ఆ మాట చెబితే, వదిలిపెట్టమని మళ్ళీ చెప్పేదాకా మిషను ఎవరు పిలిచినా పలకదు. కూతకి ముందు ఆ మాట పెట్టింది, కూత అయ్యాక వదిలిపెట్టే మాట పెట్టింది. అంతే, గొంతు గాజులా తేలిపోయింది.

పరీక్షించలేదని ఎవరూ అనలేరు. తప్పు నంబరు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూత రెండు సెకన్లూ విని, తలాడించి, మళ్ళీ కొట్టింది. అలా ఇరవైసార్లు. ఇరవైసార్లూ చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

డ్రిల్లు మాస్టారి మొహం వెలిగిపోయింది. గోడ మీది నల్లబల్ల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేశాడు.

"రేపట్నించి కూత కూసినప్పుడల్లా ఆ నంబరు ఎదురుగా ఒక గీత పడుతుంది. రోజూ పొద్దున లెక్క రాసుకుని బల్ల తుడిచేస్తాను. శనివారం నాటికి ఎవరి గీతలు ఎక్కువో వాళ్ళు కింద కార్డుల గదికి వెళ్ళి కట్టలు కట్టుకోవాలి. వాళ్ళ మిషను ఇంకొకళ్ళకి."

కార్డుల గది అంటే మెట్ల కింది గది. కిటికీ లేదు. అట్ట కార్డుల్ని నూరేసి చొప్పున కట్టి పురికొస బిగించడమే అక్కడి పని. దుమ్ముకి తుమ్ములు, పురికొసకి వేళ్ళ కోతలు. అక్కడికి దిగినవాళ్ళు మళ్ళీ పైకి రావడం ఎవరూ చూడలేదు.

వదిన నవ్వింది. "ఎవరు వెళతారో పాపం," అంది పక్క మిషను ఆవిడతో. ఆ హాల్లో ఆవిడంత వేగంగా కొట్టేవాళ్ళు ఇంకొకరు లేరు మరి.

మంగళవారం సాయంత్రానికి మూడో నంబరు ఎదురుగా పద్దెనిమిది గీతలు. అయిదో నంబరుకి పాతిక. ఎనిమిదో నంబరుకి చోటు చాలక డ్రిల్లు మాస్టారు కింది వరసలోకి దిగాడు. నూట ముప్ఫై ఒకటి.

వదిన బల్ల వైపు ఒకసారి చూసి, మిషను మీద గుడ్డ కప్పి, సంచీ భుజాన వేసుకుంది. బస్సులో పెదవి విప్పలేదు. ఇంటికి చేరాక మాత్రం వంటింట్లో గిన్నెలు గట్టిగానే మాట్లాడాయి.

"నీ మిషను నా అక్షరాలు తినేస్తోంది మరదలా."

"తినడానికి దానికి కడుపెక్కడుంది వదినా?"

"అది నువ్వు చెప్పాలి. కన్నది నువ్వు."

"మిగతా ఏడుగురి అక్షరాలూ తినడం లేదుగా!"

"వాళ్ళవి రుచిగా లేవేమో."

ఆడవాళ్ళిద్దరికీ మధ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న మరదలి భర్త పేపరు వెనకనుంచే, "ఇద్దరూ నిజమే చెబుతున్నారేమో," అన్నాడు.

"నువ్వు పేపరు చదువుకోరా," అంది అక్క.

"మీరు పేపరు చదువుకోండి," అంది భార్య.

ఆయన పేజీ తిప్పుకున్నాడు.

బుధవారం పొద్దున మరదలు ఎనిమిదో మిషను విప్పి చూసింది. మీటల పలక తీసి మూడో మిషనుకి పెట్టి, దానిది తెచ్చి దీనికి పెట్టింది. డిస్కు మార్చింది. మిషను బాగానే ఉంది. తను కూర్చుని పది కార్డులు కొట్టింది. రెండు తప్పులు పోయాయి, రెండు కూతలు కూసింది, అక్షరం చెక్కు చెదరలేదు. లేచి వదినకి కుర్చీ ఇచ్చింది. వదిన కూర్చుంది. అరగంటలో పదకొండు కూతలు.

వదిన కొట్టే తీరు చూస్తే ఎవరైనా నిలబడిపోతారు. ఇరవై రెండేళ్ళు టైపు మిషను మీద ఆరితేరిన చేతులవి. కార్డు ఎడమవైపు స్టాండులో ఉంటుంది. చూపు కార్డు మీదినుంచి కదలదు. తెర వంక చూడదు, వేళ్ళ వంక అసలే చూడదు. పది వేళ్ళూ వాటి పాటికి అవి, గచ్చు మీద వడగళ్ళు పడ్డట్టు. కూత వచ్చినా వేళ్ళు ఆగవు. కూతంటే మిగతా ఏడుగురూ ఉలిక్కిపడి చేతులు గాల్లోకి ఎత్తేసి తెర వంక చూస్తారు. వదిన చూడదు. కార్డు అయ్యాకనే చూస్తుంది. అప్పటికి పేరులో సగం, వీధిలో సగం ఒకదానికొకటి అతుక్కుని, గడి నిండిపోయి, ఇంకో కూత, ఆ వెనకే ఇంకోటి.

ఎనిమిదో నంబరుకి ఆ రోజు గీతలు నూట నలభై దాటాయి. సాయంత్రం వదిన మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి బస్సులోనే.

"నేను కొట్టింది నాకు తెలీదా? నా వేళ్ళు కొట్టినవి తెర మీద లేవు. మధ్యలో ఎవరు కాజేసినట్టు?"

పొద్దుట్నించీ విప్పి, బిగించి, మార్చి, తల ప్రాణం తోకకొచ్చి ఉంది మరదలికి. పైగా బస్సులో నిలబడటం.

"మిషను తప్పు చెయ్యదు వదినా. అన్నీ మార్చి చూశాను. తప్పులు మీ వేళ్ళవి. ఇది టైపు మిషను కాదు. అలవాటు మార్చుకోలేకపోతే దాన్నేం చెయ్యమంటారు?"

అనేసింది. అన్నాక పక్కన కూర్చున్నవాళ్ళు కూడా అటు తిప్పుకున్నారు మొహం.

వదిన తన వేళ్ళ వంక చూసుకుంది. ఎవరో పరాయివాళ్ళవి చూసినట్టు ఒక్కొక్కటే చూసుకుంది. తరువాత కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున డిస్కు అందివ్వడానికి వెళితే, "అక్కడ పెట్టండి ప్రోగ్రామరు గారూ," అంది వదిన.

మరదలు విన్నది నిజమేనా అని ఆగింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోటివెంట అండీ రాలేదు, గారూ రాలేదు. తిట్టినా బాగుండేది.

గురువారం వదిన మెల్లగా కొట్టాలని చూసింది. కొట్టలేకపోయింది. నాలుగు కార్డులు ఒక్కొక్క అక్షరమే ఏరుకుని కొట్టింది, అయిదో కార్డుకి చేతులు వాటి నడక అవి అందుకున్నాయి. కూత. డ్రిల్లు మాస్టారు సుద్ద తీశాడు. కూత. సుద్ద చేతిలోనే ఉంచుకున్నాడు. సాయంత్రానికి నూట యాభై రెండు. కట్టలు ఎలా కడతారో చూడ్డానికి కాబోలు, మధ్యాహ్నం భోజనాల వేళ వదిన మెట్ల కింది గది దాకా వెళ్ళి వచ్చింది. మరదలు చూసింది. చూసి, చూడనట్టు తన బల్ల దగ్గరికి వచ్చేసింది.

శుక్రవారం పొద్దున డ్రిల్లు మాస్టారు ముందురోజు చీటీలు చేత్తో పట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. సాయంత్రం పని ముగించేటప్పుడు ప్రతి మిషనూ ఎన్ని కార్డులో, ఎన్ని గంటలకు ముగించారో చీటీ అచ్చేస్తుంది. ఆ మిషన్లకి ప్లగ్గు తీస్తే టైము గుర్తుండదు. అందుకని రోజూ పది గంటలకి ఆయనే ఎనిమిదింటి దగ్గరికీ వెళ్ళి, చేతి గడియారం చూసి, టైము కొట్టి వస్తాడు. ఆ పని ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు.

"వదినగారూ! గీతలు చాలవని ఇదొకటా? నిన్న నాలుగూ యాభై ఆరుకే లేచారు. అందరూ అయిదింటి దాకా కూర్చున్నారు."

"నేనా?" వదిన నిలబడింది. "నిన్న అందరికన్నా చివర లేచింది నేనండీ."

"చీటీ అబద్ధం చెబుతుందా?"

"వేళ్ళు అబద్ధం, మాట అబద్ధం. ఇక నాలో మీకు నిజమనిపించేది ఏదండీ?"

హాల్లో టకటకలు ఆగిపోయాయి. వదిన గొంతు వణకడం అక్కడెవరూ ఇంతకుముందు వినలేదు.

మరదలు కుర్చీలోంచి లేచింది. నిన్న సాయంత్రం బస్సుకి టైమవుతోందని ఎనిమిదో మిషను పక్కన నిలబడి గోడ గడియారం చూసింది తనే. అయిదూ దాటి ఒక నిమిషం. అప్పటికి వదిన ఇంకా చీటీ చింపుతోంది.

"ఆ చీటీలు ఇలా ఇవ్వండి సారూ."

తన బల్ల మీద ఎనిమిదీ పరుచుకుంది. నల్లబల్ల వంక చూసింది. మూడో మిషనుకి ఇరవై కూతలు, చీటీ టైము అయిదుకి నలభై సెకన్లు తక్కువ. అయిదో మిషనుకి ముప్ఫై కూతలు, అయిదుకి ఒక నిమిషం తక్కువ. ఎనిమిదో మిషనుకి నూట యాభై రెండు. కూతకి రెండు సెకన్లు. కాగితం మీద హెచ్చవేసింది. మూడు వందల నాలుగు. అంటే అయిదు నిమిషాల నాలుగు సెకన్లు.

పెన్ను అక్కడే ఆగిపోయింది.

కూత కూస్తున్నంతసేపూ మిషను తన గడియారం కూడా చూసుకోవడం లేదు. ఎవరు పిలిచినా పలకవద్దని తనే చెప్పింది కదా! గడియారం పిలిస్తే పలకనిది, మీటలు పిలిస్తే పలుకుతుందా? ఆ రెండు సెకన్లలో వదిన వేళ్ళు పదిహేను అక్షరాలు కొట్టేస్తాయి. మీటల పలక పట్టి ఉంచగలిగిన నాలుగో అయిదో కూత ఆగాక లోపలికొస్తాయి, మిగతావి అక్కణ్ణించి అటే పోతాయి. ఆగి తెర చూసేవాళ్ళకి పోయేది ఏమీ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవాళ్ళకి అసలే లేదు.

మరదలికి ముందు సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. పుస్తకం మీద, డ్రిల్లు మాస్టారి ఈల మీద, ఆ మూడక్షరాల మీద, మంగళవారం నుంచీ పేపరు వెనక దాక్కుని నిజం చెప్పిన మొగుడి మీద కూడా. సిగ్గు ఆ తరువాత, నెమ్మదిగా, చెవుల దాకా వచ్చింది.

"సారూ, తప్పు వదినది కాదు. నా ప్రోగ్రాముది." అందరికీ వినబడేలాగే చెప్పింది.

డ్రిల్లు మాస్టారు కళ్ళు చికిలించాడు. "ఏడు మిషన్ల మీద లేని తప్పు ఎనిమిదో దాని మీదికి ఎలా వస్తుందమ్మా? చుట్టరికం కదా అని చెబుతున్నావేమో!"

"వేగంగా కొట్టేవాళ్ళకే వస్తుంది."

"ఏదీ, నేను చూస్తాను." ఆయన ఈల వెనక్కి వేసుకుని ఎనిమిదో మిషను ముందు కూర్చున్నాడు. ఒక కార్డు తీశాడు. చూపుడు వేలు ఎత్తి, మీట ఎక్కడుందా అని వెతికి, పొడిచి, తెర చూసి, మళ్ళీ ఎత్తాడు. కావాలని తప్పు నంబరు వేశాడు. కూత కూసింది. దాని మధ్యలో వెతికి వెతికి రెండు అక్షరాలు కొట్టాడు. కూత ఆగగానే రెండూ తెర మీద ప్రత్యక్షమయ్యాయి.

"ఏవీ పోయినవి?"

"మీరు కొట్టింది రెండే కదండీ!"

"వేగంగానే కొట్టాను."

మరదలికి జుట్టు పీక్కోవాలనిపించింది. తను కూర్చున్నా అంతే. తనకి వచ్చింది రెండు వేళ్ళ టైపే. ఈ తప్పు చూపించగల చేతులు ఆ ఊళ్ళో ఇంకెక్కడ ఉన్నాయో గాని, ఆ హాల్లో మాత్రం ఒకే ఒక్క మనిషికి ఉన్నాయి. ఆ మనిషి కిటికీ దగ్గర నిలబడి పావురాలని చూస్తోంది.

వెళ్ళి పక్కన నిలబడింది.

"వదినా. ఒక్క కార్డు కొట్టి చూపించాలి."

"దేనికండీ? అలవాటు మార్చుకోలేని వేళ్ళు."

"ఆ మాట నాది. నా నోరు చేసిన పని. చెవులు మూసుకుని మాట్లాడాను." ఆవిడ వేళ్ళ వంక చూస్తూ చెప్పింది. "మీ అక్షరాలు నిజంగానే పోయాయి. ఎవరు కాజేశారో తెలిసింది. నేనే."

వదిన కిటికీ వదిలి ఇటు తిరిగింది. తరువాత చెయ్యి చాపింది. "కార్డు."

కూర్చుంది. కళ్ళు మూసుకుంది. కార్డు ఒక్కసారే చూసి కంఠతా పట్టేసినట్టుంది. తప్పు నంబరు కొట్టింది, కూత లేచింది, అది పైకెక్కి కిందికి దిగి ఆగేసరికి పేరు అయిపోయి వీధి చివరికి వచ్చేసింది, అదీ కొట్టేసి చేతులు తీసింది. హాలంతా ఆ వేళ్ళనే చూసింది. మరదలు ప్రింటరు మీట నొక్కింది. కాగితం గుర్రుమంటూ వచ్చింది. దాని మీద పేరు మొదటి నాలుగక్షరాలూ, వీధి చివరి మూడక్షరాలూ ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

డ్రిల్లు మాస్టారు కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. కార్డుతో పోల్చాడు.

"ఇంకోసారి."

ఇంకోసారి కొట్టింది. ఇంకో మూడుసార్లు కొట్టించాడు. అయిదోసారికి ఆయన చేతిలో సుద్దముక్క రెండయింది.

ఆ పూట మరదలు భోజనానికి లేవలేదు. పుస్తకంలో ఆ వెనక అధ్యాయంలోనే ఉంది సంగతి. రేపటికి కావాలంటే చదవలేదు, అంతే. మిషనులో టైమరు అని ఒక చిన్న చిప్పు ఉంది. దాని చేతికి ఒక సంఖ్య ఇచ్చేస్తే డొప్పని అదే ఊపుతూ కూర్చుంటుంది. గడియారం చూసుకునేటప్పుడల్లా ఆ సంఖ్య కాస్త మారిస్తే కూత పైకెక్కుతుంది, దిగుతుంది. మిషను తన పని తను చూసుకోవచ్చు, పిలిచినవాళ్ళకి పలకనూ వచ్చు. భాగహారాలు కాగితం మీద చేసుకుని, ఒక్కొక్క ముక్కే పేర్చి, మూడింటికి డిస్కు తెచ్చి ఎనిమిదో మిషనులో పెట్టింది. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకోలేదు, వదినని కూర్చోబెట్టింది. కూత లేచింది. కూతలోంచే అక్షరాలు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి నడిచాయి. ఒక్కటీ పోలేదు.

"మిగతా ఏడింటికీ కూడా పెట్టు," అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఆగి, మెడ గోక్కున్నాడు. "కాని, ఎలాగూ ఎవరో తేలిపోయిందని కార్డుల గది లిస్టు పొద్దున్నే డైరెక్టరు గారి బల్ల మీద పెట్టేశానమ్మా. ఆయన అయిదింటికి సంతకం చేసి వెళ్ళిపోతాడు. నోటి మాట వినడు. కాగితం కావాలి."

"రాసిస్తాను."

"టైపు చేసి. చేతిరాత ముట్టుకోడు."

ఆ ప్రింటరు చీటీలు వెయ్యడానికి తప్ప ఉత్తరాలకి పనికిరాదు. మూల బీరువా పక్కన పాత టైపు మిషను ఒకటి ఉంది. మరదలు దుమ్ము ఊది, కాగితం ఎక్కించి, రెండు వేళ్ళతో మొదలుపెట్టింది. నాలుగూ ఇరవై. మొదటి లైనులోనే రెండు కడ్డీలు ఒకదాని మీద ఒకటి పడి ఇరుక్కున్నాయి. విడదీసింది. మళ్ళీ ఇరుక్కున్నాయి. వేళ్ళకి సిరా అంటింది. కాగితం చింపి ఇంకోటి ఎక్కించింది. నాలుగున్నర.

"లే," అంది వదిన వెనకనుంచి.

"ఇది నేను రాయాల్సింది వదినా."

"నువ్వు చెప్పు. కొట్టేది నేను. నీ చేత్తో అయితే రేపు పొద్దుటికి అవుతుంది, అప్పటికి నేను మెట్ల కింద ఉంటాను."

వదిన కూర్చుంది. అంచులు సరిచేసి, రెండు మోచేతులూ దగ్గరికి తీసుకుంది. మరదలు పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"అయ్యా. ఎనిమిదో నంబరు మిషను మీద ఈ వారం నమోదైన తప్పులు..."

వేళ్ళు ఆ మాట కంటె ముందే అక్కడికి చేరుకుని ఎదురుచూస్తున్నాయి. టకటకా లైను కుడివైపుకి పరిగెత్తింది. చివరికొస్తుండగా మిషను లోపల చిన్న గంట మోగింది. టింగ్.

నల్లబల్ల దగ్గర నిలబడ్డ డ్రిల్లు మాస్టారి చెయ్యి దానంతట అదే లేచింది. ఎనిమిదో నంబరు ఎదురుగా ఒక గీత పడింది.

వదిన తల తిప్పలేదు. ఎడమ చేత్తో మీట పట్టి కాగితం బండిని మళ్ళీ లైను మొదటికి తోసింది. "అది తప్పు కాదండీ సారూ. లైను అయిపోతోందని ముందే చెబుతోంది."

డ్రిల్లు మాస్టారు చేతిలో సుద్ద వంక చూసుకున్నాడు. ఆ గీత అరచేత్తో తుడిచాడు. తుడిచిన చెయ్యి అక్కడ ఆగలేదు, దాని పక్కదీ, ఆ పక్కదీ, కింది వరసా, ఆ కింది వరసా, ఎనిమిదో నంబరు ఎదురుగా నల్లటి చెక్క మాత్రమే మిగిలేదాకా తుడిచింది.

"చెప్పు," అంది వదిన.

"...ప్రోగ్రాము రాసిన నా తప్పు వల్ల వచ్చినవి. రాసినప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని పరీక్షించాను. అందువల్ల పట్టుకోలేకపోయాను."

వదిన వేళ్ళు మొదటిసారి ఆగాయి. "ఒళ్ళో పెట్టుకునా?"

"అవును. ఇరవైసార్లు."

"అది కూడా కొట్టమంటావా?"

"కొట్టండి."

కొట్టింది. టింగ్. సంతకం చేసిన కాగితాన్ని డ్రిల్లు మాస్టారు రెండుసార్లు చదివి, కింద తన సంతకం కూడా గీకి, అయిదు నిమిషాలు తక్కువ అయిదుకి మేడ మెట్లెక్కాడు. దిగి వచ్చేటప్పుడు చేతిలో పొద్దుటి లిస్టు ఉంది. నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకుంటూ, "రేపు కూడా ఎనిమిదో మిషను దగ్గరికి టైము కొట్టడానికి పదింటికి వస్తానండీ వదినగారూ," అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు. అనడం ఆయనకి రాదు కూడా.

అందరూ వెళ్ళిపోయారు. మరదలు సంచీ తీసుకోకుండా టైపు మిషను దగ్గరే నిలబడింది.

"బస్సు పోతుంది," అంది వదిన.

"వదినా, ఆ గంట ఇంకెన్ని అక్షరాలు ఉండగా మోగుతుంది?"

"ఏడు."

"గడి నిండకముందే మన మిషను చేతా అలా అనిపించవచ్చు. సన్నగా. మీకు తప్ప ఎవరికీ వినపడనంత సన్నగా." కార్డు ఒకటి తిరగేసి వెనకవైపు అప్పుడే ఏవో అంకెలు భాగించడం మొదలుపెట్టింది. "ఒక్కసారి మోగించండి, గొంతు పోల్చుకోవాలి."

వదిన సంచీ కింద పెట్టి, నిలబడే లైను చివరిదాకా కొట్టింది. టింగ్. మరదలు కళ్ళు మూసుకుని, చేతులు ముందు కట్టుకుని విన్నది.

"ఉహూఁ," అంది వదిన. ఆవిడ భుజాలు పట్టుకుని కుర్చీలో కూలేసి, రెండు చేతులూ తీసి మీటల మీద పెట్టింది. "అలా కాదు మరదలా. కొడుతూ విను."